ఈపీఎస్-95 (1995 ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుదార్ల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సహాయ కేంద్రానికి వచ్చిన చిక్కుల్లో ఎక్కువ భాగం పింఛను లెక్క దాకా కూడా రాలేదు. పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగం మానిన తేదీ దగ్గరే ఆగిపోయాయి. 58 నిండాక దిద్దించుకుందామంటే పాత కంపెనీ మూతబడి, సంతకం పెట్టే దిక్కు ఉండదు. అందుకే ఇంకా డ్యూటీలో ఉన్నవారి రికార్డుల మీదే ఈసారి ఎక్కువ పని చేశాం.

అన్నిటికన్నా ఇబ్బంది కాంట్రాక్టు కార్మికులది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త మెంబర్ ఐడీ (పీఎఫ్ ఖాతా నంబరు) పుడుతుంది, పాతదానికి మానిన తేదీ వెయ్యరు. ఖాతా బదిలీ కాదు, సర్వీసు ముక్కలవుతుంది, పింఛనుకు కావలసిన 10 ఏళ్లు లెక్కకు తేలవు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని సభ్యుడే యూఏఎన్ (సభ్యుడి శాశ్వత పీఎఫ్ నంబరు) పోర్టల్‌లో ‘మార్క్ ఎగ్జిట్’ ద్వారా వేసుకోవచ్చు. ముందు అది, ఆ తర్వాతే బదిలీ దరఖాస్తు. బదిలీ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పింఛను గడి సున్నా చూపిస్తే కంగారు పడకండి. అక్కడికి వెళ్లేది సర్వీసే, డబ్బు కాదు. ఉద్యోగం మారేటప్పుడు ఫారం 10సీ పెట్టి పింఛను డబ్బు తీసేసుకుంటే మాత్రం ఆ సర్వీసు పోయినట్టే. అదే ఫారంలో డబ్బుకు బదులు, సర్వీసును నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ అడగండి.

పుట్టిన తేదీ రుజువుల జాబితా నుంచి 2024 జనవరిలో భవిష్యనిధి సంస్థ ఈపీఎఫ్‌ఓ ఆధార్‌ను తీసేసింది. జనన ధ్రువపత్రం, స్కూలు సర్టిఫికెట్టు లాంటివి కావాలి. బడి ముఖం చూడని బీడీ కార్మికులకు ఇది పెద్ద గండం. నిజామాబాద్, జగిత్యాల వైపు ఆధార్‌లో జనవరి 1 అని పడినవారు దీన్ని 55 ఏళ్లకే తేల్చుకోవాలి.

లెక్క సంగతి. సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించడమే సూత్రం. కానీ పింఛను లెక్కకు తీసుకునే జీతం పరిమితి 2014 సెప్టెంబరు 1న 6,500 నుంచి 15,000కు పెరిగింది కాబట్టి ఈపీఎఫ్‌ఓ రెండు ముక్కలుగా కడుతుంది. 2005 సెప్టెంబరు నుంచి 2023 ఆగస్టు దాకా 18 ఏళ్లు పనిచేసి, ఎప్పుడూ పరిమితికి మించిన జీతమే ఉన్న వ్యక్తిని తీసుకోండి. మొదటి 9 ఏళ్లకు 836, తర్వాతి 9 ఏళ్లకు 1,929, మొత్తం సుమారు 2,764 రూపాయలు. అంతా 15,000 మీదే కడితే 3,857 వచ్చేది. ‘మా కాగితంలో తప్పుంది’ అని వచ్చేవారిలో చాలామందికి చెప్పాల్సిన జవాబు ఇదే. కనీస పింఛను 2014 నుంచి 1,000 దగ్గరే ఉంది, కరువు భత్యం ఊసు లేదు. దీనిపై వినతులు పంపుతూనే ఉన్నాం.

పరిమితికి బదులు అసలు జీతం మీద లెక్కగట్టే అధిక పింఛనుపై 2022 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పెట్టిన దరఖాస్తులకు డిమాండు లేఖలు వస్తున్నాయి. అసలు జీతం మీద 8.33 శాతం, 2014 సెప్టెంబరు తర్వాతి కాలానికి 15,000 దాటిన భాగంపై మరో 1.16 శాతం, వడ్డీతో సహా కట్టాలి. సభ్యుడి తర్వాత భార్యకు లేదా భర్తకు అందేది సగం పింఛనే. నామినీకి పెట్టుబడి తిరిగి ఇచ్చే ఐచ్ఛికం 2008లోనే పోయింది. కాబట్టి కట్టే మొత్తాన్ని నెలకు పెరిగే పింఛనుతో భాగించి, ఎన్ని నెలలకు తిరిగొస్తుందో చూసుకున్నాకే డబ్బు జమ చేయండి. తొందరపడొద్దని మా సలహా.

సొంత పీఎఫ్ ట్రస్టులున్న సంస్థల ధర్మకర్తలకూ సుఖం లేదు. ఈపీఎఫ్‌ఓ ప్రకటించిన వడ్డీకి, అంటే 2023–24కు 8.25 శాతానికి, తక్కువ ఇవ్వకూడదు. పెట్టుబడిలో తరుగు పడితే యజమానే భర్తీ చెయ్యాలి. పింఛను వాటా మాత్రం ట్రస్టులో ఉండదు, ఈపీఎఫ్‌ఓకే వెళుతుంది. కార్మికుడు బయటికి వెళ్లినప్పుడు ట్రస్టు అనెగ్జర్ కె (ఖాతా బదిలీ వివరాల పత్రం) సరిగా పంపకపోతే సర్వీసు అక్కడే తెగుతుంది. ఇంకో పొరపాటు: 2014 సెప్టెంబరు తర్వాత 15,000 దాటిన జీతంతో మొదటిసారి పీఎఫ్‌లో చేరినవారికి ఈపీఎస్ వర్తించదు, అయినా కొందరు గుమాస్తాలు అలవాటు కొద్దీ పింఛను వాటా 8.33 శాతం కట్టేస్తారు. రిటైరయ్యే రోజున ఆ సొమ్మును పీఎఫ్‌కు మళ్లించడం మహా తలనొప్పి.

ఊరటనిచ్చిన మార్పు ఒకటుంది. 2025 జనవరి 1 నుంచి దేశంలో ఏ బ్యాంకు, ఏ శాఖ నుంచైనా పింఛను తీసుకోవచ్చు. ఇల్లు మారితే పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) బదిలీ అక్కర్లేదు. జీవన ప్రమాణ పత్రం ఎప్పుడు ఇచ్చినా ఆ తేదీ నుంచి ఏడాది చెల్లుతుంది, నవంబరు దాకా ఆగి క్యూలో నిలబడనక్కర్లేదు. వేలిముద్రలు పడనివారికి ఫోన్‌లో ముఖ గుర్తింపు పనిచేస్తోంది.

ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే ఈపీఎఫ్‌ఓ శిబిరం ‘నిధి ఆప్కే నికట్’కు, సహాయ కేంద్రానికి వచ్చేటప్పుడు యూఏఎన్ పాస్‌బుక్ ప్రింటు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాత కంపెనీల చేరిక–విరమణ కాగితాలు తీసుకురండి. పింఛను కోసం ఫారం 10డీ వేసేవారు జంట ఫోటో, జీవిత భాగస్వామి ఆధార్, 25 ఏళ్లలోపు పిల్లల పుట్టిన తేదీ రుజువులు కూడా జతచేయండి.

కార్యవర్గం