తండ్రి పోలికను భయపెట్టడానికి వాడవద్దు

సంపాదకులకు నమస్కారం.

దేవుణ్ణి తండ్రితో పోలుస్తూ మీ ఆధ్యాత్మిక పుటలో వచ్చిన వ్యాసం చదివాను. పోలిక గొప్పదే గానీ, వ్యాసంలో అధిక భాగం తండ్రి శిక్ష గురించే సాగింది. కష్టం వచ్చిందంటే తండ్రి బెత్తం అందుకున్నట్టేనన్న మాట ప్రసంగాల్లోనూ తరచుగా వినిపిస్తోంది. శిక్ష ప్రస్తావన బైబిల్లో లేదని నేను అనను. హెబ్రీ పత్రిక, అంటే హెబ్రీయులకు రాసిన లేఖ, 12వ అధ్యాయం ఆ సంగతి సూటిగానే చెబుతుంది. అయితే కన్నతండ్రులు తమకు తోచినట్టు శిక్షించారనీ, దేవుడు మాత్రం మన మేలు కోసమే శిక్షిస్తాడనీ తేడా చూపేది కూడా ఆ అధ్యాయమే. ఆ తేడాను విడిచిపెట్టి బెత్తాన్ని మాత్రమే చూపించడం న్యాయం కాదు.

103వ కీర్తన 13వ వచనం దేవునికి పోల్చింది తండ్రి అధికారాన్ని కాదు, బిడ్డల మీద ఆయనకుండే జాలిని. మనం మట్టివారమని ఆయనకు గుర్తుంది అంటూ ఆ వెంటనే కారణం కూడా చెబుతుంది. మన బలహీనతే ఆయన జాలికి కారణమన్న ఈ మాట ఎంత ఓదార్పునిస్తుందో, పదేపదే తప్పటడుగు వేసి సిగ్గుతో ప్రార్థన మానేసినవారికి బాగా తెలుస్తుంది. తిరుగుబాటు చేసిన జనాన్ని గురించే మాట్లాడుతూ, వారి చేయి పట్టుకుని నడక నేర్పింది తానేనని హోషేయ గ్రంథం 11వ అధ్యాయంలో దేవుడు గుర్తుచేసుకుంటాడు. నడక నేర్పే తండ్రిని చూడండి: నడుము వంచి, చూపుడు వేలు అందించి, తన అడుగును బిడ్డ అడుగంత చిన్నది చేసుకుంటాడు; బిడ్డ పడితే లేవదీసి మళ్ళీ నిలబెడతాడే తప్ప ఎందుకు పడ్డావని నిలదీయడు.

లూకా సువార్త 15వ అధ్యాయంలో ఇల్లు విడిచి వెళ్ళిన కొడుకు, తనను కూలివాడిగా పెట్టుకోమని అడగాలని ముందే అనుకుని వస్తాడు. పరుగెత్తి వచ్చి ముద్దు పెట్టుకున్న తండ్రి ముందు ఆ చివరి మాట అతని నోట రాదు; ఈలోగానే వస్త్రమూ ఉంగరమూ చెప్పులూ తెమ్మని తండ్రి పురమాయిస్తాడు. అలిగి బయటే ఉండిపోయిన పెద్ద కొడుకును బతిమాలడానికి కూడా ఆయనే బయటికి వెళ్తాడన్నది మనం అంతగా పట్టించుకోని విషయం.

అడిగిందల్లా ఇస్తాడని దీని అర్థం కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ‘అబ్బా, తండ్రీ’ అని పిలిచి (‘అబ్బా’ అంటే ఆయన మాట్లాడిన అరామిక్ భాషలో తండ్రి), రాబోయే బాధ అనే గిన్నెను తన నుంచి తొలగించమని వేడుకున్నా ఆ గిన్నె తొలగిపోలేదు. కాబట్టి బాధలో ఉన్నవారిని చూసి, దేవుని ప్రేమకు దూరమయ్యారని తేల్చే హక్కు ఎవరికీ లేదు.

తండ్రి అనగానే దెబ్బలూ తిట్లూ గుర్తొచ్చేవారూ, తండ్రి ముఖమే ఎరుగనివారూ మీ పాఠకుల్లో ఉంటారు. తల్లిదండ్రులు విడిచినా దేవుడు చేరదీస్తాడని 27వ కీర్తన, తండ్రిలేనివారికి ఆయనే తండ్రి అని 68వ కీర్తన చెప్పేది వారితోనే. ఈ అంశంపై మళ్ళీ రాయించేటప్పుడు వారిని కూడా మనసులో ఉంచుకుని రాయమని మీ రచయితలను కోరవలసిందిగా నా మనవి.

ఇట్లు,
ఒక విశ్వాసి