రాంబాబూ, ఆ తల్లి సంగతి నీకు చెప్పాలి

రాజమండ్రి,
శనివారం తెల్లవారుజాము

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు, ఏమనుకోకురా. అమ్మ మోకాలి ఆపరేషను, తర్వాత ఇంటికి సున్నాలు, ఆ వెంటనే సెలవుల ముందు కోర్టులో ఊపిరాడనంత పని. అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరి గుడి దాకా నడుస్తోంది. చెల్లి బి.ఎడ్. పాసైంది. నువ్వడిగిన తాండ్ర ఆత్రేయపురం నుంచి తెప్పించి ఉంచాను, ఎవరైనా హనుమకొండ వైపు వస్తే పంపుతా. ఇంటి సంగతులు ఇంతే.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెబుదామంటే సగంలోనే నువ్వు వాదనకి దిగుతావు, సంగతి పూర్తికాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆఖరిదాకా చదివాకే మాట్లాడు.

మా సీనియర్ గారు నేరాంగీకారాల మీద నోట్ తయారు చెయ్యమన్నారు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది మన చట్టంలో సాక్ష్యంగా చెల్లదు కదా, మిగతా దేశాల్లో ఎలా ఉందో చూద్దామని వెతుకుతూ ఉంటే చైనా కేసు ఒకటి చేతికి దొరికింది. అంతే, నోట్ పక్కకి పోయింది. ఆ కుర్రాడి పేరు నియే షూబిన్. వాళ్ళమ్మ పేరు జాంగ్ హువాన్‌జీ. ఈ రెండు పేర్లూ నువ్వు గుర్తుపెట్టుకోవాలి, రాంబాబూ.

1994 ఆగస్టు. హెబేయి రాష్ట్రంలో షిజియాజువాంగ్ అనే పెద్ద ఊరు. ఊరి శివార్లలో మొక్కజొన్న చేలో ఒక స్త్రీ శవం దొరికింది. అత్యాచారం చేసి చంపారన్నారు. నీలం రంగు సైకిలు మీద ఎవరో కుర్రాడు ఆ చుట్టుపక్కల తచ్చాడుతుంటాడని పోలీసులకి తెలిసింది. సెప్టెంబరు 23న నియే షూబిన్‌ని పట్టుకున్నారు. పక్క పల్లెటూరి వాడు, ఫ్యాక్టరీ పనివాడు, నత్తి. పట్టుకున్న కొద్ది రోజులకే నేరం ఒప్పుకున్నాడన్నారు. 1995 మార్చి 15న కింది కోర్టు మరణశిక్ష వేసింది. ఏప్రిల్ 25న రాష్ట్ర హైకోర్టు ఖాయం చేసింది. ఏప్రిల్ 27న తుపాకీతో కాల్చేశారు. పిల్లాడికి 20 ఏళ్ళు. అరెస్టు నుంచి ఆ రోజు దాకా మొత్తం 217 రోజులు.

ఆ 217 అన్న అంకె మళ్ళీ వస్తుంది, చూడు.

మర్నాడు తండ్రి ఎప్పటిలాగే కొడుక్కి సామాన్లు ఇవ్వడానికి వెళ్ళాడట. నిన్ననే అయిపోయింది, ఇక రావద్దన్నారు. ఇంటికి కబురు లేదు, ఆఖరి చూపు లేదు. తీర్పు కాగితం కూడా చేతికివ్వలేదు. ఆ తర్వాత ఆయన ప్రాణం తీసుకోబోయాడు. బతికాడు గానీ ఒక పక్క చచ్చుబడిపోయింది. ఇది చదివి నేను లేచి వెళ్ళి కాసేపు అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ఎందుకో చెప్పలేను.

పదేళ్ళు గడిచాయి. 2005 జనవరిలో వాంగ్ షూజిన్ అనేవాడు వేరే హత్యల్లో దొరికాడు. షిజియాజువాంగ్ మొక్కజొన్న చేలో ఆమెని చంపింది కూడా నేనే అని చెప్పాడు. గ్వాంగ్‌పింగ్ అనే చిన్న జిల్లాలో జెంగ్ చెంగ్‌యూయే అనే పోలీసు అధికారి ఆ మాటని పట్టుకుని వదల్లేదు. పత్రికల్లో వచ్చింది. ఒక హత్య, ఇద్దరు హంతకులు! పల్లెటూళ్ళో ఉన్న ఆ తల్లికి అప్పుడు తెలిసింది, తన కొడుకు చెయ్యని పనికి పోయి ఉండొచ్చని.

ఇక్కణ్ణించి జరిగింది వింటే నీకూ నిద్ర పట్టదు. వాంగ్‌కి మిగతా హత్యలకి మరణశిక్ష పడింది. అతను అప్పీలు చేశాడు. ఏమనో తెలుసా? "షిజియాజువాంగ్ హత్య కూడా నేనే చేశానని చెప్పాను కదా, దాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు" అని! నిజం చెప్పినందుకు శిక్ష తగ్గుతుందన్న ఆశ కూడా ఉండి ఉంటుంది, కాదనను. కానీ ఆ కోర్టు హాలు ఒక్కసారి ఊహించుకో. బోనులో ఉన్నవాడు నేనే చంపాను అంటున్నాడు. ప్రాసిక్యూటర్ లేచి, కాదు, నువ్వు చంపలేదు అంటున్నాడు. శవం మెడకి చుట్టి ఉన్న చొక్కా సంగతి నువ్వు చెప్పలేదు, చంపిన తీరు కలవడం లేదు, సమయం కలవడం లేదు అని వాదిస్తున్నాడు. లా చదివేటప్పుడు మనం మూట్ కోర్టులో, అదే ఉత్తుత్తి కోర్టులో, ఎన్ని వింత సమస్యలు తయారు చేశాం, ఇలాంటిది ఒక్కటైనా తట్టిందా? 2007లో వేసిన అప్పీలు 2013 సెప్టెంబరు దాకా నడిచి కొట్టేశారు. ఈ హత్య నీది కాదు పో అన్నారు.

ఇక నియే షూబిన్ అమ్మ సంగతి. కొడుకు కేసు మళ్ళీ విచారించమని ఆవిడ అర్జీ పెడితే, తీర్పు కాపీ జత చెయ్యమన్నారు. ఆ కాపీ ఆవిడకి ఎవరైనా ఇస్తే కదా! ఇవ్వాల్సిన కోర్టే ఇవ్వలేదు, ఇప్పుడు అదే లేదని అర్జీ తీసుకోవడం లేదు. నెలనెలా హైకోర్టు గుమ్మం ఎక్కి దిగింది. చివరికి 2007లో ఆ కాపీ ఎక్కడ దొరికిందో తెలుసా రాంబాబూ? చనిపోయిన ఆ అమ్మాయి ఇంట్లో. వాళ్ళకి కోర్టు ఒక కాపీ ఇచ్చింది. నీ కొడుకే మా పిల్లని చంపాడు అని తలుపు వేసుకోవాల్సినవాళ్ళు, ఆ కాగితం తెచ్చి ఈ తల్లి చేతికిచ్చారు. వాళ్ళకి కావలసింది కూడా అసలు మనిషి ఎవరన్నదే.

నేను ఈ వాక్యాల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రెండిళ్ళలోనూ ఒక్కో బిడ్డ పోయింది. ఇంత పెద్ద దేశంలో, ఇన్ని కోర్టులుండి, నిజం కావాలన్న పట్టుదల ఆ రెండిళ్ళలోనే…

సరే. నువ్వు అడగబోయేది నాకు తెలుసు. పైకోర్టు చూడలేదా అని. అదే చెబుతున్నా. వాళ్ళ 1979 చట్టం ప్రకారం ఏ మరణశిక్షనైనా అమలుకి ముందు బీజింగ్‌లోని సుప్రీం కోర్టు పరిశీలించాలి. 1983లో నేరాలు పెరిగాయని దేశమంతా పెద్ద ఉద్యమం నడిపారు. కఠినంగా, త్వరగా శిక్షించాలన్నది అప్పటి నినాదం. ఆ హడావుడిలో హత్య, అత్యాచారం, దోపిడీ లాంటి కేసుల్లో ఈ పరిశీలన అధికారాన్ని రాష్ట్ర హైకోర్టులకి ఇచ్చేశారు. అంటే అప్పీలు విన్న కోర్టే, నా తీర్పు సరైనదే అని తనకి తాను ముద్ర వేసుకుంటుంది. నియే షూబిన్‌కి జరిగింది అదే. హైకోర్టు ఖాయం చేసిన రెండో రోజే ప్రాణం తీశారు. ఆ అధికారం మళ్ళీ సుప్రీం కోర్టుకి చేరింది 2007 జనవరి 1న. ఇది మంచి మార్పేనని నేను నమ్ముతున్నాను. మరణశిక్ష పడే నేరాలు కూడా 68 నుంచి 2011లో 55కి, 2015లో 46కి తగ్గాయి. రెండేళ్ళు అమలు ఆపి, ఆ గడువులో కొత్త నేరం చెయ్యకపోతే యావజ్జీవానికో అంతకన్నా తక్కువకో మార్చే పద్ధతి కూడా వాళ్ళకుంది. కానీ ఏటా ఎంతమందిని చంపుతున్నారన్నది ఇప్పటికీ ప్రభుత్వ రహస్యం. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి మరణాల లెక్క వేసే ఆమ్నెస్టీ అనే మానవహక్కుల సంస్థ చైనాని ఆ మొత్తంలో కలపదు. వేలల్లో ఉంటుందని మాత్రం అంటుంది. ఒక మనిషి ప్రాణం తీశామని చెప్పడానికి అంకె కూడా దాచాలా?

ఆలస్యమైతే న్యాయమే కాదు అని పెసరట్టు తింటూ నువ్వు వాదించి గెలిచిన రోజు గుర్తుందా? 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న నలుగుర్ని ఎన్‌కౌంటర్ చేసిన రోజు కూడా మనం ఇదే విషయం మీద గట్టిగా అనుకున్నాం. జనం పోలీసుల మీద పూలు చల్లుతున్నారు, నువ్వు సంతోషంగా ఉన్నావు. 2022లో సుప్రీం కోర్టు వేసిన కమిషన్ పోలీసులు చెప్పిన కథ నమ్మశక్యంగా లేదంది. అప్పుడు నువ్వు నాకు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. నిన్ను దెప్పడానికి కాదురా ఇది. నీ కోపం ఆ అమ్మాయి మీద జాలితో వచ్చిందని నాకు తెలుసు. హెబేయిలో ఆ పోలీసుల మీదా ఊరి ఒత్తిడి అలాగే ఉండి ఉంటుంది. కానీ త్వరగా అన్న ఆ మాట…

తర్వాత చెబుతా, ముందు కేసు పూర్తి చెయ్యనీ. 2014 డిసెంబరులో సుప్రీం కోర్టు ఈ కేసుని హెబేయి చేతిలోంచి తీసి పక్కనున్న షాన్‌డాంగ్ హైకోర్టుకి పరిశీలనకి ఇచ్చింది. వాళ్ళు గడువు మీద గడువు తీసుకున్నారు. 2016 డిసెంబరు 2న షెన్‌యాంగ్‌లో కూర్చున్న సుప్రీం కోర్టు బెంచి నియే షూబిన్ నిర్దోషి అని తీర్పు చెప్పింది. కారణాలు చూస్తే ఒళ్ళు మండుతుంది. పట్టుకున్న తర్వాత మొదటి అయిదు రోజుల విచారణ రికార్డు లేదు. ఫ్యాక్టరీలో ఆ నెల హాజరు పట్టీ లేదు. అది ఉంటే ఆ రోజు వాడు పనిలో ఉన్నాడో లేడో ఒక్క నిమిషంలో తేలిపోయేది. మెడకి చుట్టిన చొక్కా ఎక్కడిదో తేలలేదు. ఎప్పుడు చనిపోయిందో, ఎలా చనిపోయిందో కూడా గట్టిగా రుజువు కాలేదు. మిగిలింది వాడి ఒప్పుకోలు ఒక్కటే, అదీ ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా. ఇవన్నీ 1995లోనూ ఆ ఫైల్లో లేవు కదా! కొత్తగా ఎవరూ పోగొట్టలేదు. ఆ రోజు ఒక్క జడ్జి, హాజరు పట్టీ ఏది అని అడిగి ఉంటే?

2017 మార్చిలో నష్టపరిహారం ఇచ్చారు, 26 లక్షల 81 వేల యువాన్ల పైచిలుకు. అందులో ఒక పద్దు, అన్యాయంగా నిర్బంధించిన 217 రోజులకి రోజుకి 242.30 యువాన్లు. గుణించి చూశాను, 52,579.10 వచ్చింది. సరిగ్గా కలిసింది. లెక్క కలిసినందుకు ఇంత ఏడుపు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

వాంగ్ షూజిన్‌ని 2021 ఫిబ్రవరిలో చంపేశారు, మిగతా హత్యలకి. ఆ మొక్కజొన్న చేను హత్య మాత్రం ఏ కోర్టూ అతని మీద వెయ్యలేదు. అంటే ఆ అమ్మాయిని చంపింది ఎవరన్నది ఈ రోజుకీ ఏ తీర్పులోనూ లేదు. తీర్పు కాపీ ఇచ్చిన ఆ ఇంటివాళ్ళకి ఎవరు ఏం చెప్పారో!

ఇంకొకటి చెప్పాలి, ఇన్నర్ మంగోలియాలో హుగ్‌జిల్తు అని 18 ఏళ్ళ కుర్రాడు. 1996 ఏప్రిల్‌లో మరుగుదొడ్డిలో శవం చూసి వెళ్ళి పోలీసులకి చెప్పింది వాడే. వాణ్ణే పట్టుకుని రెండు నెలల్లో చంపేశారు. 2005లో ఇంకొకడు అది నా పనే అన్నాడు. 2014లో నిర్దోషి అన్నారు. కోర్టు పెద్దమనిషి ఇంటికి వచ్చి తల్లిదండ్రుల ముందు తల వంచి క్షమాపణ చెప్పాడు. ఆ తల్లి అప్పుడు

అయ్యో, టైము చూసుకోలేదు. కాకినాడ బస్సుకి ఇరవై నిమిషాలే ఉంది, సీనియర్ గారు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. హుగ్‌జిల్తు సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తా. మూడో సంవత్సరం క్రిమినల్ ప్రొసీజర్ నోట్సు, పసుపు అట్టది, నీ దగ్గరే ఉండాలి. మరణశిక్ష ఖరారు మీద మాస్టారు చెప్పిన పేజీలు ఫొటో తీసి ఈ రోజే పంపు, సోమవారం లోపు కావాలి.

నీ
సత్తిబాబు