రోజర్ విలియమ్స్‌ను మరవొద్దు

సంపాదకునికి,

అమెరికాలో మత స్వేచ్ఛ అంటే అందరికీ 1791 నాటి రాజ్యాంగ సవరణే గుర్తొస్తుంది. అంతకు 150 ఏళ్ల ముందే ఆ పని చేసి చూపించిన క్రైస్తవ మతబోధకుడు రోజర్ విలియమ్స్ పేరు మన దగ్గర ఎవరూ ఎత్తరు. మసాచుసెట్స్ పాలకులు వెళ్లగొడితే, నరగాన్‌సెట్ అనే అమెరికా ఆదివాసీ తెగ పెద్దల దగ్గర భూమి తీసుకుని 1636లో ప్రావిడెన్స్ అనే ఊరిని స్థాపించారాయన. అక్కడ ఎవరి నమ్మకం వారిది, సర్కారు జోక్యం లేదు.

క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల బోధనలు ఆయనకు అస్సలు గిట్టవు. 1672లో, అంత ముసలితనంలోనూ, స్వయంగా తెడ్డు వేసుకుంటూ పడవలో న్యూపోర్ట్ వెళ్లి మరీ రోజుల తరబడి వాళ్లతో వాదించారు. అయినా వాళ్ల ఆరాధనకు అడ్డు చెప్పలేదు. మసాచుసెట్స్ పాలకులైతే బోస్టన్‌లో 1660లో మేరీ డయ్యర్ అనే క్వేకర్ మహిళను ఉరితీశారు!

అమెరికాలో గుళ్లు కట్టుకుంటున్న మన తెలుగువాళ్లు పిల్లలకు ఈయన గురించి తప్పక చెప్పాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ