ఫలితం తిరగేసి చూడు

ఒరే రఘూ,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నయం. మిగతా కబుర్లు తర్వాత, ముందు నువ్వడిగింది చెప్పేయాలి.

"అందరూ కాదంటున్నారు. పక్షపాతం నాదా, వాళ్లదా? నా మనసంతా వెతుక్కున్నా ఏమీ కనబడలేదు" అని రాశావు చూడు, తిరకాసంతా అక్కడే ఉంది. వెతికితే దొరికేది కాదురా అది. లోపలికి తొంగి చూస్తే కనిపించేవి కారణాలే, అవన్నీ సబబుగానే తోస్తాయి. అవతలివాళ్లకూ అంతే! ఎమిలీ ప్రోనిన్, లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మరొకరితో కలిసి 2002లో అచ్చువేసిన పరిశోధనలో కూడా ఇదే తేలింది: ఇలాంటి లోపాలు తమకంటే పక్కవాళ్లకే ఎక్కువని జనం అనుకుంటారు.

ఇక అసలు సంగతి. 1979లో చార్లెస్ లార్డ్, రాస్, మార్క్ లెప్పర్ కలిసి 48 మంది విద్యార్థులను తీసుకున్నారు. సగం మంది మరణశిక్షకు అనుకూలం, సగం వ్యతిరేకం. అందరికీ రెండేసి అధ్యయనాలు ఇచ్చారు. ఆ శిక్ష వల్ల హత్యలు తగ్గుతాయని ఒకటి, తగ్గవని ఇంకొకటి. ఎవరికి వాళ్లు తమకు నచ్చిన ఫలితమున్నదే పకడ్బందీగా ఉందన్నారు, రెండోదాన్ని చీల్చి చెండాడారు. చివరికి తమ నమ్మకం ఇంకా గట్టిపడిందనే చెప్పారు.

1984లో లార్డ్, లెప్పర్ ఇద్దరూ ఎలిజబెత్ ప్రెస్టన్‌తో కలిసి మళ్లీ చేశారు. ఈసారి కొందరికి "జడ్జిలా నిష్పక్షపాతంగా చూడండి" అని మరీ చెప్పారు. లాభం లేకపోయింది! ఇంకొందరికి మాత్రం "ఇదే అధ్యయనం, ఇదే పద్ధతి, ఫలితం ఒక్కటే అటు వచ్చి ఉంటే ఇంతే విలువ ఇచ్చేవారా అని అడుగడుగునా ప్రశ్నించుకోండి" అన్నారు. వాళ్లలో ఆ మొగ్గు పోయింది. ఎంత బాగుందో చూడు, మంచి ఉద్దేశం చేయలేని పని ఒక్క ప్రశ్న చేసింది!

నువ్వూ అలాగే చెయ్యి. వాళ్లతో మళ్లీ మాట్లాడకముందే నీ నమ్మకం నూటికి ఎంతో కాగితం మీద వేసుకో. తర్వాత వేస్తే మనసు పాత అంకెను సర్దేస్తుంది. కింద, వాళ్లు చూపిన ఆధారాన్ని నువ్వెందుకు కొట్టేశావో రాయి. "పాతికమందినే అడిగారు, చాలదు" అన్నావనుకో. ఆ పాతికమందీ నీ మాటే చెప్పి ఉంటే చాలదనేవాడివా? "తక్కువమందైనా సూటిగా చెప్పారు" అని నోటికొచ్చిందా, అక్కడ గుండ్రం చుట్టు.

కాదన్నవాళ్ల తలలు లెక్కపెట్టకు. పదిమందీ ఒకే చోట చదివి ఉంటే ఒక్కరి కిందే లెక్క. విడివిడిగా ఆలోచించి అక్కడికే వచ్చి ఉంటే మాత్రం బరువెక్కువ. వాళ్లకు విషయం తెలుసా లేదా అన్నది ఈ గొడవకు ముందున్నవాటిని బట్టే తేల్చు. "నాతో విభేదించారు కాబట్టి తెలియనివాళ్లు" అంటే గిరగిరా అక్కడే తిరుగుతావు.

అలాగని భయపడి నీ అంకెను చెరిసగం చేసుకోకు, అదీ తప్పే. నువ్వు చూసింది వాళ్లు చూడలేదేమో, ముందు చూపించు. చూశాక కూడా కాదంటే అప్పుడు అంకె దించు, అదీ గుండ్రాలు ఎన్నున్నాయో చూసుకుని...

వాళ్ల వాదన వాళ్లే "అవును, ఇదే" అనేలా చెప్పడం గురించి కూడా రాయాలి. తపాలా తీసేవేళ అయిపోయింది. నీ కాగితం నాకు పంపు.

నీ
శీను