వెనక్కి తీసుకున్న పరిశోధనకు మళ్లీ పతాక శీర్షికా?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో మూలకణాలు (రకరకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) వాటంతట అవే క్యాన్సర్‌గా మారతాయంటూ వచ్చిన వ్యాసం గురించి ఎవరైనా రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. ఎవరూ రాసినట్టు లేరు, ఇక నాకు తప్పలేదు.

మనిషి కొవ్వులోంచి తీసిన మూలకణాలను ల్యాబ్‌లో నెలల తరబడి పెంచితే వాటంతట అవే క్యాన్సర్ కణాలయ్యాయని 2005లో మాడ్రిడ్ శాస్త్రవేత్తలు ప్రచురించిన మాట నిజమే. ఆ పత్రాన్ని 2010లో వెనక్కి తీసుకున్నారు. ఆ ఒక్క ముక్క మీకు దొరకలేదా? నార్వేలోని బెర్గెన్ బృందం కూడా 2009లో ఇలాగే చెప్పింది. తీరా డీఎన్ఏ వేలిముద్రలు పోల్చి చూస్తే, ఆ 'మారిన' కణాలకూ మొదటి మూలకణాలకూ చుట్టరికమే లేదు. ల్యాబ్‌లో వాడే పాత క్యాన్సర్ కణాలే సీసాల్లో కలిసి, త్వరగా పెరిగి, అసలువాటిని మింగేశాయి. ఆ సంగతి 2010లో వాళ్లే బయటపెట్టుకున్నారు. వరి మడిలో తుంగ మొలిస్తే, వరే తుంగగా మారిందని మా ఊళ్లో ఏ రైతూ అనడు. ల్యాబ్‌లలో ఎప్పటినుంచో పెంచుతున్న హీలా అనే క్యాన్సర్ కణాలు ఇలా పక్క సీసాల్లో దూరుతున్నాయని గార్ట్‌లర్ అనే అమెరికా జన్యుశాస్త్రవేత్త 1966లోనే చెప్పాడు కూడా.

భయం అసలు లేదనను. పిండ మూలకణాల సంగతి వేరు. 2017లో 140 రకాలను పరీక్షిస్తే ఐదింటిలో, క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువే చెడి ఉంది. రాయాల్సింది అది. రాస్తే వ్యాసం పక్కన వేసే బొమ్మ అంత భయంకరంగా రాదు కాబోలు.

ఇంకో ముచ్చట. ఆ వ్యాసం ఎదుటి పేజీలోనే మోకాళ్లకు మూలకణాల చికిత్స అంటూ సగం పేజీ ప్రకటన! ఎడమ పేజీలో క్యాన్సర్, కుడి పేజీలో డిస్కౌంట్. మా బావగారు అలాంటి క్లినిక్‌కే వెళ్లారు. "ఎక్కించే కణాల క్రోమోజోములు పరీక్షించారా?" అని నేనడిగితే, వాయిదాల్లో కట్టొచ్చు సార్ అన్నారు ఆ క్లినిక్ వాళ్లు. ఇలాంటివి క్లినికల్ ట్రయల్స్‌లో తప్ప చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది. వాటిని చూడాల్సిన అధికారులు ఏ పేజీ చదువుతారో!

సవరణ వేసే ఉద్దేశం ఉంటే అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. శ్రద్ధాంజలి ప్రకటనల కింద ఇరికించవద్దు.

– ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, తెనాలి