700 కమిట్లూ చేత్తోనా?

చిరంజీవి చిన్నాకు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నకు బీపీ మాత్ర మార్చారు. పెద్దత్త కొత్త ఇంట్లో చేరింది, నువ్వు పలకరించలేదని నిష్ఠూరమాడింది. నేనైతే ఏమీ అనడం లేదు.

బుజ్జి చెప్పాడు, అర్ధరాత్రి దాకా ఆఫీసులోనే ఉంటున్నావట. బిల్లు లెక్క ఏ కమిట్ దగ్గర, అంటే కోడులో దాచిన ఏ మార్పు దగ్గర, చెడిందో తెలియక, 700 కమిట్లనూ ఒక్కొక్కటిగా నడిపి చూస్తున్నావట. నిజమేనా? ఆ మార్పులన్నీ దాచే గిట్‌లో, చెడినదాన్ని వెతికిపెట్టే బైసెక్ట్ ఎందుకుందిరా? బాగున్న కమిట్ ఒకటి, చెడింది ఒకటి చూపించి, బైసెక్ట్ రన్‌కు పరీక్ష చేసే స్క్రిప్టు అప్పగిస్తే చాలు. ప్రతిసారీ సగం తీసేస్తూ పోతుంది, పది పరీక్షలు దాటవు.

మా బ్యాంకులో వడ్డీ తేడా వచ్చినప్పుడు ఇదే చేశాం. ప్రోగ్రాము కాపీ నెలకొకటి టేపులో దాచేవాళ్ళం. ఆఫీసరుగారు మొదటి టేపు నుంచి వరసగా చూద్దామన్నారు. టేపు ఎక్కించి, కంపైల్ చేసి, ఒక పాత ఖాతాకు వడ్డీ కట్టి చూసేసరికి పూట గడిచేది. నేను మధ్య టేపు ఎక్కించమన్నాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "అమ్మా, వరస అంటూ ఒకటి ఉంటుంది" అన్నారు. అంతలో నీకు జ్వరమని నాన్న ఫోను. సగంలో వదిలేసి బస్సెక్కాను. మర్నాడు వెళ్ళేసరికి ఆయనే మధ్య టేపుతో మొదలుపెట్టి ఆగస్టు దగ్గర పట్టేశారు. ఎవరో 365 ఉండాల్సిన చోట 360తో భాగించారు. ఆ రోజు నీకు జ్వరం 103, తెలుసా?

స్క్రిప్టు 0 ఇస్తే బాగున్నట్టు, 1 ఇస్తే చెడినట్టు. బిల్డే కాని, అంటే నడిచే ప్రోగ్రాముగా తయారే కాని కమిట్ తగిలితే 125 ఇవ్వాలి, దాన్ని పక్కన పెడుతుంది. ఇది మరిచిపోయావో, ఏ పాపం ఎరుగనివాడి కమిట్‌ను దోషిగా చూపిస్తుంది. స్క్రిప్టును కోడుండే రిపాజిటరీ బయట పెట్టు, లేకపోతే పాత కమిట్‌కు వెళ్ళినప్పుడు అదీ మారిపోవచ్చు. ఒకసారి నెగ్గి ఒకసారి తప్పే టెస్టునైతే అసలు నమ్మకు. ఇకమీదట కోడు పంపే ముందు కమిట్లను వరసగా మళ్ళీ పేర్చే గిట్ రీబేస్‌కు ఎగ్జెక్ జోడించు. ఒక్కో కమిట్‌కూ టెస్టు నడిపి, తప్పిన చోటే ఆగుతుంది. పాఠం చెప్పకూడదనే మొదలుపెట్టాను, ఏం చేయను.

గోంగూర పచ్చడి పంపాను, ఫ్రిజ్‌లో పెట్టు. రాత్రుళ్ళు బజ్జీలతో కడుపు నింపుకోకు. రన్ మొదలయ్యాక దాని ముందు కాపలా కూర్చోనక్కర్లేదు. ఆ వేళకు అన్నం తిను, పెద్దత్తకు ఫోను చెయ్యి, తర్వాత నాకు.

బుజ్జిని ఏమీ అనకు.

అమ్మ