విషయం: చేప నోరు చూడకుండానే పేరు తేల్చేస్తున్న మీ యాప్ గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఉంటాను. చేప ఫొటో తీస్తే దాని పేరు, ఆ రాష్ట్రంలో దాన్ని పట్టే నియమాలు చెప్పే మీ యాప్‌కు ఏడాది చందా కట్టాను. మీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉందని, తెలుగులో రాసినా జవాబిస్తారని యాప్‌లోనే చదివాను. అందుకే తెలుగులో రాస్తున్నాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం టెక్సాస్ కొండ ప్రాంతంలోని లానో నదికి చేపలు పట్టడానికి వెళ్లాను. భీమవరం నుంచి వచ్చిన మా నాన్నగారు కూడా తోడు వచ్చారు. ఆయనకు చేపలు పట్టే లైసెన్సు తీసుకోలేదు కాబట్టి గాలం ముట్టుకోకుండా ఒడ్డునే కూర్చున్నారు. గంట తర్వాత ఒక బాస్ చేప పడింది. బాస్‌లలో స్పాటెడ్, లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్ లాంటి రకాలున్నాయి, ఒక్కోదానికి నియమం వేరుగా ఉండొచ్చు. ఒళ్లంతా ఆకుపచ్చ, పక్కన నల్లటి మచ్చల చార. మీ యాప్‌లో ఫొటో తీస్తే ‘స్పాటెడ్ బాస్’ అని వచ్చింది, కింద ‘కనీస పొడవు లేదు’ అని, అంటే ఎంత చిన్నదైనా ఉంచుకోవచ్చని కూడా ఉంది. నాన్నగారు ఒకసారి చూసి, “ఇంత నోరేంట్రా దీనికి? ముందు నోరు చూడు” అన్నారు. “యాప్ చెప్పింది కదా నాన్నా” అని నేను చేపను ఐస్ బాక్సులో వేశాను.

మధ్యాహ్నం గేమ్ వార్డెన్, అంటే వేట, చేపల నియమాలు తనిఖీ చేసే అధికారి, వచ్చారు. లైసెన్సు చూసి, బాక్సు తెరిచి, చేపను కొలబద్ద మీద పెట్టారు. పన్నెండున్నర అంగుళాలు. తర్వాత ఆమె చేసిన మూడు పనులు నాకు బాగా గుర్తున్నాయి. చేప నోరు మూసి పై దవడ చివర వేలు పెట్టారు. అది కంటి వెనక అంచు దాటి పోయింది. వీపు మీది రెక్కను పైకి లేపారు. ముళ్లున్న ముందు భాగానికీ మెత్తటి వెనక భాగానికీ మధ్య లోతైన గండి ఉంది, రెండు రెక్కలు విడివిడిగా ఉన్నాయా అనిపించేంత. చివరికి నాలుక మీద నా వేలే పెట్టించారు. నున్నగా ఉంది. స్పాటెడ్ బాస్ అయితే దవడ కన్ను దాటదు, వీపు రెక్క భాగాలు బాగా కలిసి ఉంటాయి, నాలుక మీద సాధారణంగా గరుకు పళ్ల మచ్చ ఒకటి తగులుతుంది. నేను పట్టింది లార్జ్‌మౌత్. టెక్సాస్‌లో దానికి 14 అంగుళాల కనీస పొడవు ఉంది, అంతకంటే చిన్నదైతే వదిలేయాలి. మొత్తం అర నిమిషం కూడా పట్టలేదు.

టికెట్ రాశారు, జరిమానా కట్టాను. డబ్బు పెద్ద సంగతి కాదు. నా గ్రీన్ కార్డ్ ఫైలు నడుస్తోంది. ఆ దరఖాస్తులో మీకు ఎప్పుడైనా సైటేషన్ (ఇలాంటి టికెట్) ఇచ్చారా అనే ప్రశ్న ఉంటుంది. లాయర్‌తో మాట్లాడేదాకా రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మా ఇంట్లో ఎవరూ పోలీసు కాగితం మీద సంతకం పెట్టిన వాళ్లు కాదు. నాన్నగారి ఎదుట ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక ఆ రోజు ఫొటోలన్నీ మళ్లీ చూశాను. పొద్దున ఇంకొకటి చిన్నది పడింది. మీ యాప్ దాన్ని స్మాల్‌మౌత్ అంది. దానికీ 14 అంగుళాల నియమమే కాబట్టి వదిలేశాను. ఇప్పుడు చూస్తే దాని ఒంటి మీద స్మాల్‌మౌత్‌కు ఉండే నిలువు పట్టీలు లేవు. వజ్రం ఆకారపు మచ్చలున్నాయి, అవి పొట్ట వైపు బాగా కిందికి దిగాయి. దవడ కన్ను దాటలేదు. అది గ్వాడలూప్ బాస్. 1989 నుంచి టెక్సాస్ రాష్ట్ర చేప అదే. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పుట్టదు, ఈ కొండ ప్రాంతపు నదులే దాని ఇల్లు. ఆ చేపను చేతిలో పట్టుకుని కూడా ఏమిటో తెలియకుండా నీళ్లలో వేశాను. వదిలినందుకు సంతోషమే, కానీ నాన్నగారికి చూపించలేకపోయానన్న బాధ ఇంకా ఉంది.

మీ ఇంజినీర్లకు చెప్పాల్సిన అసలు మాట ఇది. ఈ చేపల్ని రంగుతో, చారతో గుర్తుపట్టలేం. బురద నీళ్లలో లార్జ్‌మౌత్ వెలిసిపోతుంది, చార తెగి మచ్చల్లా కనబడుతుంది. మీ యాప్ మాత్రం ఒక్క పక్క ఫొటో తీసుకుని పేరు ఖాయం చేస్తుంది. నోరు మూసిన ఫొటో అడగదు, రెక్క లేపమనదు, నాలుక తడిమి చూడమనదు. పైగా నేనెక్కడున్నానో ఫోనులోంచి దానికి తెలుసు. స్పాటెడ్ బాస్ టెక్సాస్‌లో తూర్పు వైపు నదుల చేప, లానో పారే ఎడ్వర్డ్స్ పీఠభూమి దాని సొంత చోటు కాదు. ఆ ఒక్క విషయం చూసుకున్నా అనుమానం రావాలి. ఇక్కడి నదుల్లో 1970లలో స్మాల్‌మౌత్‌ను తెచ్చి వదిలాక అది గ్వాడలూప్ బాస్‌తో కలిసి సంకర చేపలు పుట్టాయి. అలాంటి దాన్ని చూసి ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ఆలోచిస్తారు. మీ యాప్‌లో ‘కచ్చితంగా చెప్పలేను’ అనే మాటే లేదు.

తెలుగు పేర్ల గురించి కూడా చెప్పాలి. తెలుగు భాష ఎంచుకుంటే ఈ బాస్‌లన్నిటినీ ‘పండుగప్ప’ అని చూపిస్తున్నారు. పండుగప్ప మా వైపు ఉప్పుటేరుల్లో, సముద్రంలో తిరిగే చేప, చెరువుల్లో కూడా పెంచుతారు. దానికీ వీటికీ చుట్టరికం లేదు, ఇవి సన్‌ఫిష్ కుటుంబానివి. చేపల మధ్య పెరిగిన మా నాన్నగారు ఆ పేరు చూసి ఫోను పక్కన పెట్టేశారు. ఆయన బొచ్చెనూ శీలావతినీ పిల్లలుగా ఉన్నప్పుడే నోటిని బట్టి విడదీయగలరు: బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, శీలావతి నోరు కిందికి. దయచేసి లార్జ్‌మౌత్ బాస్ అనే రాయండి, అందరికీ అర్థమవుతుంది.

జరిమానా మీరు కట్టాలని అడగను, చేపను బాక్సులో వేసింది నేను. నా ఏడాది చందా తిరిగి ఇవ్వండి. ఆ రోజు మీ యాప్ ఈ చేపకు తప్పు పేరు, తప్పు నియమం చూపించిందని రాతపూర్వకంగా ధ్రువీకరించండి, మా లాయర్ అడుగుతున్నారు. దవడ, వీపు రెక్క ఫొటోలు అడగకుండా బాస్ చేపలకు పేరు చెప్పడం ఆపండి. అనుమానం ఉన్నచోట కఠినమైన నియమాన్నే చూపించండి. ఇది సరిచేసేదాకా టెక్సాస్‌లో మీ యాప్ వాడేవాళ్లందరికీ ఒక హెచ్చరిక పంపండి. వాళ్లలో నాలాగే వీసా మీద ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు.

రెండు చేపల ఫొటోలు, మీ యాప్ చూపించిన స్క్రీన్ల కాపీలు, టికెట్ నకలు ఈ లేఖతో పంపుతున్నాను. 15 రోజుల్లో జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ చందాదారుడు,
ఆస్టిన్, టెక్సాస్